కంకర దారికి, ఆకులు మడికి

ముందే చెప్పేస్తున్నా. వీడ్ మ్యాట్ (కలుపు రాకుండా నేల మీద పరిచే నల్ల షీటు) పరిచి పైన కంకర పోయడానికి నేను వ్యతిరేకిని కాదు. మా ఇంటి పక్క సందులో నేనే దగ్గరుండి వేయించాను, బాగానే ఉంది. నా గొడవల్లా దాన్ని ఎక్కడ వేస్తున్నారన్న దాని మీదే. మనుషులు నడిచే చోట వేయాల్సినదాన్ని మొక్కలు పెరగాల్సిన చోట వేస్తున్నారు.

బెంగళూరులో ఈమధ్య ఏ లేఅవుట్‌లో గృహప్రవేశానికి వెళ్ళినా ఇదే కనిపిస్తోంది. గేటు పక్కన నాలుగడుగుల వెడల్పు స్థలం, అందులో నల్ల షీటు, షీటు మీద తెల్లరాళ్ళు, రాళ్ళ మధ్య దూరదూరంగా అరడజను మొక్కలు. "మెయింటెనెన్స్ ఫ్రీ గార్డెన్ అండీ" అని ఇంటాయన ముచ్చటగా చూపిస్తాడు. రెండు వానాకాలాలు పోయాక అదే ఇంటికి వెళ్తే తెల్లరాళ్ళు పాచిరంగుకి తిరిగి ఉంటాయి, వాటి మధ్య నుంచి గడ్డి మొలిచి ఉంటుంది, మొక్కల్లో సగం ఉండవు. ఇంటాయన తోట సంగతి ఎత్తడు.

ఎందుకు వేయిస్తున్నారో అర్థం కానిది కాదు. మాది రామమూర్తినగర్ వైపు థర్టీ ఫార్టీ (30x40 అడుగుల) సైటు. చుట్టుపక్కల చాలామంది మనవాళ్ళే. కదిరి, చిత్తూరు, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, ఆఫీసుకి పోయి రావడానికే రోజు సరిపోతుంది. బెంగళూరులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కురిసే వానలకి కలుపు ఎంత జోరుగా వస్తుందో చెప్పక్కర్లేదు. కొన్ని వారాలు పట్టించుకోకపోతే వయ్యారిభామ పిల్లల ఎత్తుకి లేస్తుంది. దాన్ని ముట్టుకుంటే కొందరికి దద్దుర్లు, దాని పుప్పొడికి కొందరికి తుమ్ములు, ఆయాసం. పాములొస్తాయని పెద్దవాళ్ళ టెన్షన్ ఒకటి. (కంకర పోస్తే పాములు రావని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. రావడం మానవు. కాకపోతే గడ్డిలో కనబడనివి రాళ్ళ మీద కనబడతాయి, ఆ లాభం నిజమే.) ఇలాంటి సమయంలో ఎవరో ఒకాయన వచ్చి ఒక్కసారి ఖర్చుపెడితే పదేళ్ళు కలుపు మాట ఉండదంటే ఎవరైనా సరే అంటారు.

ఆయన చెప్పేది మొత్తం అబద్ధం కూడా కాదు. వీడ్ మ్యాట్ అంటే పాలీప్రొపిలీన్ పట్టీలతో నేసిన షీటు. సిమెంటు బస్తా సంచి లాంటిదే, ఎండకి తట్టుకునే మందు కలిపి నలుపు రంగులో చేస్తారు. మన దగ్గర ఎక్కువగా 90 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) రకాల్లో దొరుకుతుంది. నేత సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి, వెలుతురు మాత్రం దిగదు. వెలుతురు లేకపోతే కింద ఉన్న విత్తనాల్లో చాలా భాగం మొలవవు, మొలిచినా పాలిపోయి చస్తాయి. అందుకే మొదటి ఏడాది అది అద్భుతంగా పనిచేస్తుంది. బిల్లు కట్టేది, ఫొటోలు తీసి బంధువులకి పంపేది ఆ మొదటి ఏడాదే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది, అదీ కింద నుంచి కాదు, పై నుంచి. బెంగళూరులో దుమ్ముకి కరువా? ఏ వీధి చూసినా ఒక ఇల్లు కడుతూ ఉంటారు, ఒకటి కూలగొడుతూ ఉంటారు, రోడ్డు తవ్వుతూ ఉంటారు. ఆ దుమ్మంతా రాళ్ళ సందుల్లోంచి దిగి షీటు మీద చేరుతుంది. దానికి ఆకులు తోడవుతాయి. 1980ల్లో అటవీ అధికారి నేగిన్‌హాళ్ ఈ ఊరి వీధుల్లో లక్షల చెట్లు నాటించిన పుణ్యమా అని మనకి నీడకి లోటు లేదు. కానీ గుల్‌మొహర్, జకరాండా లాంటి చెట్ల ఆకు అంటే జీలకర్ర గింజలంత రెబ్బలు. చీపురుకి రావు, చేతికి అందవు, నేరుగా రాళ్ళ మధ్యకి దిగిపోతాయి. ఏడాది, రెండేళ్ళు గడిచేసరికి షీటు మీద అంగుళం మందాన మెత్తటి నల్లమట్టి తయారవుతుంది. కంపోస్టే అది. గాలికి వచ్చిన వయ్యారిభామ విత్తనానికి అంతకంటే మంచి నారుమడి ఇంకేం కావాలి? నీడకి కంకర, తేమకి షీటు, బలానికి కంపోస్టు.

అలా మొలిచిన కలుపుని పీకడం మామూలు కలుపుని పీకినంత తేలిక కాదు. వేళ్ళు షీటు నేతలోంచి కిందికి దిగి దానితో అల్లుకుపోతాయి. లాగితే మొక్క తెగి చేతికొస్తుంది, వేరు అక్కడే ఉంటుంది. గట్టిగా లాగితే షీటే రాళ్ళతో సహా పైకి లేస్తుంది. దోకుడు పార వేద్దామంటే రాళ్ళు. తవ్వుదామంటే షీటు చిరుగుతుంది. అసలు కలుపు తీసే పని తప్పించుకోవాలని వేసిందే, కలుపు తీయడానికి వీల్లేకుండా చేస్తుంది.

ఇక తుంగ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే దాని విషయంలో షీటు మొదటి ఏడాది కూడా నిలబడదు. తుంగ మొలక కొన సూదిలా ఉంటుంది. మల్చింగ్‌కి వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని పొడుచుకుని పైకి వచ్చేస్తుంది, నేసిన మ్యాట్ అయితే అతుకుల్లోంచీ మొక్కల కోసం కోసిన చీలికల్లోంచీ వస్తుంది. భూమిలో గడ్డలు దండలా ఒకదానికొకటి కట్టుకుని ఉంటాయి. పైన పీకితే పోచ తెగుతుంది, ఆ దెబ్బకి పక్క గడ్డలు మేలుకుని మొలుస్తాయి. గరిక ఇంకో తరహా. అది గుచ్చదు, అంచుల నుంచి పాక్కుంటూ వచ్చి రాళ్ళ మీద పరుచుకుని కణుపు కణుపుకీ వేరు దించుతుంది. ఏడాది పొడవునా తిట్టుకుంటూ పీకే గరికని వినాయకచవితి ముందు రోజు కేఆర్ మార్కెట్‌లో డబ్బిచ్చి కొనుక్కొస్తాం, అది వేరే కథ.

నా అసలు అభ్యంతరం కలుపు గురించి కూడా కాదు, మట్టి గురించి. బెంగళూరు ఎర్రమట్టిలో సహజంగానే సేంద్రియ పదార్థం తక్కువ. వాన పడితే పైపొర అతుక్కుపోతుంది, ఎండితే పెచ్చు కడుతుంది. దాన్ని గుల్లగా ఉంచేది మనం వేసే ఎరువు, రాలే ఆకు, వాటిని కిందికి లాక్కుపోయే వానపాములు, చీమలు. మధ్యలో షీటు పరిస్తే ఈ రాకపోకలన్నీ ఆగిపోతాయి. పైన రాలిన ఆకు పైనే కుళ్ళుతుంది, కింద మట్టి పస్తు ఉంటుంది. తెలిసినవాళ్ళింట్లో అలాంటి షీటు ఎత్తినప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. కింద మట్టికి గడ్డపార కావాల్సి వచ్చింది. ఒక్క వానపాము లేదు. నూరువరహాల మొక్క వేళ్ళు లోతుకి పోకుండా షీటు కిందనే చాపలా పరుచుకుని ఉన్నాయి. అలాంటి మొక్క ఏప్రిల్ ఎండకి మొదట వాడిపోతుంది. ఎరువు వేద్దామంటే చీలిక దగ్గర గుప్పెడు వేయాలి, అంతే. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన లిండా చాకర్-స్కాట్ అనే హార్టికల్చర్ ప్రొఫెసర్ చాలా ఏళ్ళుగా ఇదే మాట చెబుతున్నారు, చెట్ల కింద ఈ గుడ్డలు వద్దు, చెక్కముక్కలు, ఆకులు పరవండి అని. అక్కడి చలిదేశాల మాట మనకెందుకు అనుకుంటే, వేడికి ఆకు త్వరగా చివికి మట్టిలో కలిసేది మన దగ్గరే. ఆ లాభాన్ని షీటు వేసి పోగొట్టుకునేదీ మనమే.

దీనికి ఒక ఎదురు ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మదనపల్లె టమాటా రైతులు మల్చింగ్ షీట్ వేయట్లేదా? వాళ్ళకి తెలియదా?" వేస్తున్నారు, లాభం ఉంది కాబట్టే వేస్తున్నారు. కానీ వాళ్ళు వేసేది వేరు, వేసే పద్ధతి వేరు. అది 25, 30 మైక్రాన్ల పల్చటి కాగితం. దాని కింద ముందే పశువుల ఎరువు వేసి దున్ని, బోదెలు కట్టి, డ్రిప్ పైపు పరిచి ఉంటారు. పంట అయిపోగానే షీటు ఎత్తేసి మళ్ళీ దున్నుతారు. అంటే మట్టికి ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే మూత. మనం వేసేది పదేళ్ళ మూత, కింద ఎరువు లేదు, దున్నడం లేదు, పైన టన్ను రాళ్ళ బరువు. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

రాళ్ళ మీద మాత్రం నాకు కోపం లేదు. సందులో కంకర దించే రోజు మా నాన్న కదిరి నుంచి వచ్చి ఉన్నాడు. ట్రాక్టర్ చూసి, "సేన్లో రాళ్ళేరి గట్టుమీదేసేదానికే నా నడుము పోయింది. నువ్వు దుడ్డిచ్చి రాళ్ళు తెప్పిచ్చుకుంటావుంటివే నాయనా" అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాత ఆయనే చెప్పాడు, ఏరేది నాగలికి అడ్డం పడే గుండ్లనే, చిన్న రాళ్ళని వదిలేస్తారని, అవి ఉన్న చేను ఎండకి ఆలస్యంగా వాడుతుందని. ఎండాకాలంలో చేనులో ఒక పలకరాయి తిరగేసి చూస్తే కింద తడి కనబడటం పల్లెలో పెరిగినవాళ్ళకి తెలిసిందే.

ఇది మన దగ్గరే కాదు. చైనాలో గాన్సు రాష్ట్రంలోని లాన్‌జౌ చుట్టుపక్కల, అనంతపురం కంటే కూడా తక్కువ వాన పడే చోట, రైతులు వందల ఏళ్ళ నుంచి పొలం మీద గులకరాళ్ళు, ఇసుక పరిచి పుచ్చ, కర్బూజ లాంటివి పండిస్తున్నారు. స్పెయిన్ ఏలుబడిలోని లాంజరోటె దీవిలో 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతం బద్దలై నేలంతా నల్ల బూడిదరాయితో కప్పుకుపోతే, ఆ రాతిపొరలోనే గుంతలు తీసి ద్రాక్ష పెంచారు. పైన రాళ్ళుంటే మట్టిలో తడి అంత త్వరగా ఆవిరి కాదు, వాన నీరు కొట్టుకుపోకుండా దిగుతుంది. కానీ గమనించండి, ఈ రెండు చోట్లా రాళ్ళకీ మట్టికీ మధ్య ప్లాస్టిక్ లేదు. గాన్సులో మట్టి మెల్లగా రాళ్ళలో కలిసిపోయి కొన్ని దశాబ్దాలకి పొలం పాతబడుతుంది, అప్పుడు మళ్ళీ రాళ్ళు మోసి కొత్త పొర పరవాలి. అంటే వాళ్ళకీ అది మెయింటెనెన్స్ ఫ్రీ కాదు.

పైగా అవి వాన లేని ప్రాంతాలు. బెంగళూరుకి ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన సమస్య తడి నిలవకపోవడం కంటే, పడిన నీళ్ళు భూమిలోకి దిగకపోవడం. లెక్క వేసి చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు. గేటు పక్కన వంద చదరపు అడుగుల మట్టి ఉంటే ఏడాదిలో దాని మీద పడేది తొమ్మిది వేల లీటర్ల నీళ్ళు. షీటు కొత్తగా ఉన్నప్పుడు దించుతుంది, నేత సందుల్లో ఎర్రమట్టి పట్టాక దించడం తగ్గుతుంది, కాస్త వాలు ఉంటే నీళ్ళు షీటు మీదుగా జారి గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోతాయి. 2024 మార్చిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డ ఊరు ఇది. తోటలకి తాగునీళ్ళు వాడితే ఐదు వేల జరిమానా అని జలమండలి ఉత్తర్వు ఇచ్చింది కూడా. ఆ ఏడాది వేసవిలో మా వీధిలో పచ్చగా మిగిలినవి ఆకులు కప్పి, బట్టలుతికిన నీళ్ళు పోసిన పాదులే.

తెల్లరాళ్ళ గురించి ఒక మాట. అవి చాలావరకు మార్బుల్ చిప్స్, అంటే సున్నపు జాతి. వానకి కొద్దికొద్దిగా కరుగుతూ మట్టిని సున్నం వైపుకి లాగుతాయి. ఇక్కడి బోరు నీళ్ళలో ఉప్పదనం ఎటూ ఉంటుంది. గంధరాజం, నూరువరహాలు లాంటి మొక్కలు అలాంటి మట్టిలోంచి ఇనుము తీసుకోలేవు, ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇంటావిడ మందు కొడుతుంది, నర్సరీవాడు ఇంకో మందు అమ్ముతాడు. కారణం రాయి. ఎండ సంగతి సరేసరి. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో 39.2 డిగ్రీలు నమోదైంది. పడమటి గోడ పక్కన పోసిన రాళ్ళు అలాంటి ఎండని పగలంతా దాచుకుని రాత్రి గదిలోకి పంపుతాయి.

మరి ఎక్కడ వేయాలి? నడిచే దారిలో, గోడకి కాంపౌండుకి మధ్య సందులో, మిద్దె గొట్టం నీళ్ళు పడే చోట, ఇంకుడు గుంత చుట్టూ. రోడ్లు వేసేవాళ్ళు మట్టికీ కంకరకీ మధ్య ఇలాంటి గుడ్డ పరుస్తారు, కలుపు రాకూడదని కాదు, కంకర మట్టిలోకి కూరుకుపోకూడదని, మట్టి కంకరలోకి ఎక్కి బురద కాకూడదని. ఈ గుడ్డకి చేతనైన పని అదే. ఆ పనికి వాడితే అది నూటికి నూరుపాళ్ళు విలువైనది. 2009 తర్వాత కట్టిన థర్టీ ఫార్టీ ఇళ్ళకి వాననీటి ఏర్పాటు తప్పనిసరి కాబట్టి ఇంకుడు గుంత ఎలాగూ ఉంటుంది. దాని మీద గుడ్డ, కంకర వేస్తే మట్టి దిగి గుంత పూడిపోకుండా ఉంటుంది. అక్కడికి నేసిన మ్యాట్ కంటే కంబళిలా ఒత్తుగా ఉండే నాన్ వోవెన్ జియోటెక్స్‌టైల్ మంచిది, నీళ్ళు బాగా దించుతుంది.

దారి వేయించేటప్పుడు శ్రద్ధ పెట్టాల్సింది షీటు బ్రాండు మీద కాదు, కింద నేల మీద. మేస్త్రీలు ఇల్లు అయిపోయాక మిగిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు అన్నీ ఆ సందులోనే తొక్కి, పైన కాస్త ఎర్రమట్టి పోసి చదును చేసి పోతారు. ముందు మూడు నాలుగు అంగుళాలు తవ్వించి అవన్నీ తీయించాలి, లేకపోతే షీటుకి కన్నాలు పడతాయి. తుంగ గడ్డలు, గరిక వేళ్ళు ఆ తవ్వకంలోనే ఏరేయాలి. గోడ నుంచి బయటికి వాలు పెట్టి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాలి. ఇది దుమ్మూ శ్రమా ఉన్న పని కాబట్టి కాంట్రాక్టు మాట్లాడినవాళ్ళు ఇక్కడే ఎగ్గొడతారు. ఒక చిన్న లాండ్‌స్కేపింగ్ సంస్థ మా ఎదురింట్లో మొలిచి ఉన్న గడ్డి మీదే షీటు పరిచేసి పోయింది. ఎండకి అదే చస్తుందట. రెండు నెలలకి దారి మధ్యలో ఉబ్బులు లేచాయి.

షీటుకి షీటుకి కనీసం అరడుగు ఒకదాని మీద ఒకటి రావాలి, అంచులు కాల్చి మూయాలి, లేకపోతే పోగులు లేస్తాయి. యూ పిన్నులు దగ్గర దగ్గరగా కొట్టాలి. రెండు పక్కలా ఇటుకో సైజు రాయో నిలబెట్టి గట్టు కట్టకపోతే కంకర ఆరు నెలల్లో మడిలోకి, మడి మట్టి కంకరలోకి చేరిపోతాయి. వంద చదరపు అడుగులకి రెండంగుళాల మందం అంటే సుమారు పదిహేడు ఘనపుటడుగుల జల్లి (క్వారీ కంకర), ఏడు వందల కిలోల పైమాటే. రాయి ఎంచుకునేటప్పుడు గులకరాళ్ళ అందానికి పడిపోవద్దు. గుండ్రటి రాళ్ళు కాలికింద దొర్లుతాయి, పెద్దవాళ్ళున్న ఇంట్లో అది ప్రమాదం. క్వారీలో కొట్టిన 12 ఎంఎం జల్లికి మూలలుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. 20 ఎంఎం మీద చెప్పుల్లేకుండా నడవలేం, 6 ఎంఎం చెప్పుల అడుగున ఇరుక్కుని హాల్లోకి వస్తుంది. ఏదైనా సరే పోసే ముందు కడిగించాలి, క్వారీ పొడి అంతా షీటు సందుల్లో సిమెంటులా పడుతుంది.

మొక్కల మడికి ఇవేవీ అక్కర్లేదు. తుంగ లేని నేల అయితే మొక్కల చుట్టూ అట్టపెట్టెలు విప్పి, టేపులు పీకేసి, తడిపి పరిచి, పైన మూడు నాలుగు అంగుళాల ఎండాకులు వేస్తే చాలు. ఆన్‌లైన్ ఆర్డర్లు తెప్పించే ఇంట్లో అట్టకి లోటేముంది. ఆకులకైతే వీధి చివర ఊడ్చి పోగేసి ఉంటాయి, తగలబెట్టేలోపు ఒక బస్తా అడిగి తెచ్చుకోవడమే. కొబ్బరి పీచు, వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, ఏది దొరికితే అది. మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళు ఆచ్ఛాదన అనేది ఇదే. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళు వదిలి పరవాలి, చెదలు పట్టే గోడకి ఆనించకూడదు, అంతకంటే పెద్ద సూత్రాల్లేవు.

తుంగ ఉన్న నేల అయితే నిజంగానే కష్టం. దానికి అడ్డదారి నాకు దొరకలేదు. గడ్డలు ఎక్కువగా పై అరడుగులోనే ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో తవ్వి, మట్టి జల్లించి, ఏరాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల తడిపి పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలితే మిగతా కలుపు విత్తనాలు ఉడికి చస్తాయి. దీనికి నల్లది పనికిరాదు, ఎండ లోపలికి దిగాలి. లోతున ఉన్న తుంగ గడ్డలు దానికీ చావవు. గ్లైఫోసేట్ కొట్టేద్దామనేవాళ్ళకి ఒక మాట. 2022 అక్టోబరులోనే కేంద్రం దాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు ఆడుకునే ఇంట్లో ఆ ఆలోచనే వద్దు.

చివరికి అందరూ వచ్చి ఆగేది టైము దగ్గరే. "నీకు ఓపిక ఉంది, మాకు లేదు" అంటాడు ఎదురింటాయన. కానీ పనిగంటలు పోల్చి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఆకులు కప్పిన మడిలో మట్టి మెత్తగా ఉంటుంది, వాన పడిన మర్నాడు రెండు వేళ్ళతో లాగితే కలుపు వేరుతో సహా వస్తుంది. కాఫీ తాగుతూ చేసే పని. వచ్చిన దాంట్లో గంగవావిలి, తోటకూర ఉంటే పప్పులోకి పోతాయి. రాళ్ళలో మొలిచిన కలుపుకి మాత్రం కూలికి మనిషిని పిలవాల్సిందే, ఆ మనిషి కూడా రెండోసారి పిలిస్తే రాడు. ఓపిక లేనివాళ్ళకే మడిలో రాళ్ళు అసలు పనికిరావు.

ఇప్పటికే వేయించేసినవాళ్ళు అంతా ఒకేసారి పీకక్కర్లేదు. ముందు చెట్ల మొదళ్ళు చూడండి. షీటు చీలిక కాండాన్ని బిగించి ఉంటే ఈ వారమే చుట్టూ రెండడుగులు కోసి తీసేయండి, లేకపోతే కాండం లావయ్యేకొద్దీ షీటు దాన్ని నొక్కేస్తుంది. మిగతాది వానలకి ముందు, మే నెలలో, మట్టి పొడిగా ఉన్నప్పుడు ఎత్తితే రాళ్ళు తేలికగా విడిపోతాయి. జల్లెడ పట్టి దుమ్ము దులిపి ఆ రాళ్ళనే సందులో దారికి వాడుకోవచ్చు. షీటు బాగుంటే దాన్నీ దారికే వేయండి. ఎండకి పెళుసై చేతిలో పొరలు పొరలుగా రాలుతుంటే మాత్రం ఒక్క ముక్క కూడా మట్టిలో వదలకుండా ఏరి పొడిచెత్తలో ఇచ్చేయండి. ఆ తర్వాత నేలని గడ్డపారతో కాస్త కదిపి, బుట్టెడు పశువుల ఎరువు వేసి, ఆకులు కప్పి ఒక వానాకాలం వదిలేస్తే చాలు. కొత్త మొక్కలు దసరా తర్వాత పెట్టుకోవచ్చు.